మా ఊరి దొంగ ప్రేమానందం మాస్టారు

ప్రేమానందం మాస్టారు చెమటోడ్చి సాధించిన మొదటి విజయం 1971 వేసవి సెలవుల నాటిది. పదకొండేళ్ళ వయసులో, ఒకే మధ్యాహ్నం, దాగుడుమూతల్లో తొమ్మిదిమందిని వెతికి పట్టుకున్నాడు. అందులో రెండోవాణ్ణి నేను. గడ్డివాములో తల దూర్చి కాళ్ళు బయటపెట్టి దాక్కున్నవాణ్ణి పట్టుకోవడం ఏం గొప్ప అనేవాళ్ళున్నారు. నిజమే. కానీ మూడోవాడు ఫ్రాన్సిస్ చేదబావిలో మోకు పట్టుకుని వేలాడుతున్నాడు. ప్రేమానందం బావిలోకి తొంగి కూడా చూడలేదు. గట్టు మీద కూర్చుని, జగ్గయ్యపేట నుంచి జీళ్ళాయన వచ్చాడని ఎవరితోనో చెబుతున్నట్టు గట్టిగా అన్నాడు. ఫ్రాన్సిస్ తనంతట తానే పైకి వచ్చేశాడు. అదీ బుర్ర.

పదోవాడు దొరకలేదు. ప్రేమానందం జీవితమంతా ఆ పదోవాడి వెనకే నడిచింది.

మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, హైవే దిగి కొంచెం లోపలికి ఉంటుంది. ఆటల్లో మా ఊరికున్న పేరు రెండు పట్టణాలకూ తెలుసు. ముంజెల బండి తోలడంలో మమ్మల్ని కొట్టినవాడు లేడు. ముంజెలు తినేశాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండు, మధ్యన ఒక పుల్ల, తోయడానికి పంగలకర్ర. ఆ బండి మీద నేను నందిగామ దాకా వెళ్ళాను. మీద అంటే వెనకాల, పరిగెత్తుతూ. బొంగరం అరచేతిలోకి ఎత్తుకుని తిరుగుతుండగానే పక్కవాడి చేతికి అందించినవాళ్ళు మా ఊళ్ళో ఉండేవారు. ఇప్పటి పిల్లలకు బొంగరం కొనిస్తే ఛార్జింగు ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు. రేగొడియాలు, నిమ్మతొనలు, పప్పుండలు, పన్నుకు పట్టుకుని సాయంత్రం దాకా వదలని జీళ్ళు. మా తరం పళ్ళు ఇంత గట్టిగా ఉండటానికి ఆ జీళ్ళే కారణం. నాకు పైవరుసలో ఇంకా ఆరున్నాయి.

దాగుడుమూతల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కళ్ళు మూసేది తల్లి. వెతికేవాడు దొంగ. దొంగ అందరినీ వెతికి ముట్టుకోవాలి. ఎవడైనా దొంగకు చిక్కకుండా వచ్చి తల్లిని ముట్టుకుంటే దొంగే మళ్ళీ దొంగ. చుట్టుపక్కల ఊళ్ళలో మొదట దొరికినవాణ్ణి తర్వాతి దొంగను చేస్తారు. మా ఊళ్ళో అంత సుళువు బేరం లేదు. ఆఖరివాడు దొరికేదాకా ఆట తేలనట్టే. ఆ ఆఖరివాడే తర్వాతి దొంగ.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. బడి ఆవరణలో మా చర్చివీధి పిల్లలూ రైతులవీధి పిల్లలూ కలిసే ఆడేవాళ్ళం. ఆట నడిచినంతసేపు ఎవరు ఎవరినైనా ఒరే అనవచ్చు. ఆట తేలిందా, మళ్ళీ మేం వాళ్ళ పిల్లలను బాబూ అనాలి, అండి అనాలి. వాళ్ళు మమ్మల్ని ఒరే అనే అంటారు. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. రాసిపెట్టినవాటికంటే గట్టిగా నడిచింది.

పదోవాడు రైతులవీధి భవానీప్రసాద్. వాళ్ళ ఇంటి ముందు మిరపకాయ బస్తాల లారీ ఆగి ఉంటే పట్టా కింద దూరాడు. లారీ కదిలింది. వీడు కదలలేదు, దొరికిపోతానని. గుంటూరు యార్డులో పట్టా తీస్తే తుమ్ముతూ కనిపించాడు. మేనమామ గుంటూరులోనే ఉండటంతో, పిల్లవాడు తనంతట తాను వచ్చాడు, ఇక్కడే చదువుకుంటాడు అని అట్టేపెట్టుకున్నారు. తర్వాత తల్లిదండ్రులూ అక్కడికే మారారు. అదే మిరపకాయల వ్యాపారంలో పెద్దవాడై, కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్లో కమిషన్ కొట్టు పెట్టి స్థిరపడ్డాడు.

పోయినవాడు క్షేమమని మూడోనాడే తెలిసింది. తెలిసి ఏం లాభం, ముట్టుకోలేదుగా. ఆ రోజు తల్లిగా కూర్చున్నది పుల్లమ్మ. మాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఆమె బడి మెట్ల మీద కూర్చుని తీర్పు చెప్పింది: ప్రసాదు దొరికేదాకా ప్రేమానందమే దొంగ, ఆట తేలేదాకా కొత్త ఆట లేదు. పుల్లమ్మ మాట ఇప్పటికీ మా ఊళ్ళో ఎవరూ దాటరు. అందువల్ల మా ఊళ్ళో 1971 తర్వాత దాగుడుమూతలు ఆడలేదు. ఇలా చెప్పుకోగల ఊరు జిల్లాలో ఇంకొకటి ఉందేమో చూపించండి.

ప్రేమానందం చదువుకున్నాడు. డ్రిల్లు మాస్టారయ్యాడు. నందిగామ చుట్టుపక్కల బడుల్లో ముప్పైయేళ్ళ పైన చేశాడు. ఖోఖోలో మండలం కప్పు రెండుసార్లు తెచ్చాడు. రిపబ్లిక్ డే పోటీల్లో ఏడుపెంకులాట పెట్టించిన ఘనత ఆయనదే. బడి ఎగ్గొట్టిన పిల్లవాడు చింతచెట్టు మీదున్నా, సినిమాహాలు బాల్కనీలో ఉన్నా మూడో పీరియడుకు తరగతిలో కూర్చుని ఉండేవాడు. అది చూసి ఊళ్ళో తప్పిపోయిన గేదెలకూ, జారిపోయిన చెవిదిద్దులకూ ఆయన కోసమే వచ్చేవారు. "ఏదైనా పోయిందా, దొంగను పిలవండి" అని మా ఊళ్ళో సామెతే పుట్టింది. ఈ సామెత బయటివాళ్ళకు అర్థం కాదు. దాంతోనే గొడవంతా వచ్చింది.

ఆ గొడవకు ముందు ప్రసాదును పట్టుకోవడానికి ఆయన చేసిన ప్రయత్నాలు చెప్పాలి.

1986లో ప్రసాదు పెళ్ళి నందిగామలో జరిగింది. శుభలేఖ మా వీధికి రాలేదు. అయినా ప్రేమానందం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పెళ్ళికొడుకు దూరం నుంచే పసిగట్టాడు. ఆ క్షణం నుంచి పెళ్ళికొచ్చిన ప్రతివాడికీ రెండు చేతులూ జోడించి దండమే తప్ప ఎవరి చేతికీ చెయ్యి అందించలేదు. ఎంత వినయం గల కుర్రాడని పెళ్ళివారు మెచ్చుకున్నారు. ప్రేమానందం అక్షింతలు వేశాడు. అవి సరిగ్గా ప్రసాదు నెత్తిన పడ్డాయి. అది ముట్టుకున్నట్టే అవుతుందని ఊరికొచ్చి వాదించాడు. పుల్లమ్మ ఒక పూటంతా ఆలోచించి, బియ్యం ముట్టుకుంటే మనిషి ముట్టుకున్నట్టు కాదంది.

పుల్లమ్మకు కంటి ఆపరేషను అయినప్పుడు నందిగామ ఆసుపత్రిలో ప్రేమానందం వార్డు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళకు గంతలు కట్టుకుని ఉన్న తల్లి దగ్గరికి ప్రసాదు వచ్చి ముట్టుకుపోతే జన్మంతా దొంగేనని ఆయన భయం. డాక్టరును కూడా మీరు ఎవరి తాలూకు అని అడిగి లోపలికి పంపాడు.

కరోనా ఏడాది మంచి అవకాశం వచ్చింది. పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర ప్రసాదు కారు ఆగి ఉంది. ప్రేమానందం వెళ్ళి నిలబడ్డాడు. అద్దం నాలుగు వేళ్ళ మేర దిగింది.

"ఒరే ఆనందం, ఆరడుగులు," అన్నాడు ప్రసాదు.

ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషి, ప్రభుత్వ ఉత్తర్వు ఎలా దాటుతాడు. అడుగులు కొలిచి వెనక్కి జరిగాడు. కారు వెళ్ళిపోయింది.

ఇక అసలు సంగతి. మాస్టారి మనవరాలు జెరూషా విజయవాడలో నర్సు. ఈ జనవరిలో ఆమెకు నందిగామ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు బెన్ని, టీచరు. తండ్రి శాంతికుమార్ గారు నందిగామ కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మరు. అమ్మాయి తరఫువారి గురించి వాకబు చేద్దామని ఒక ఉదయం ఒంటరిగా బస్సు దిగి, మా సెంటర్లో వెంకటరత్నం టీకొట్టు దగ్గర కూర్చున్నారు. నేను పక్క బెంచీ మీదే ఉన్నాను గానీ, ఆయనెవరో నాకు తెలియదు.

"ప్రేమానందం మాస్టారని, ఎట్టాంటి మనిషండి?" అని అడిగారు.

"మాస్టారా? దొంగండి," అన్నాడు వెంకటరత్నం, టీ వడబోస్తూ. "మా చిన్నప్పటి నించీ ఆయనే దొంగ. ఇంకోళ్ళు లేరు."

ఆయన టీ తాగడం ఆపారు. ఊరికే అంటున్నారా అని నా వైపు చూశారు. నేను పెద్దమనిషిని, ఉన్నమాట చెప్పాలి గనక, యాభై ఏళ్ళ పైనే అయిందండీ పాపం, ఎంత ప్రయత్నించినా బయటపడలేకపోతున్నాడు అన్నాను. ఆయన దారిలో మేకలు తోలుకుపోయే ఆవిడను అడిగారు. ఆవిడా, దొంగే గానీ బంగారం లాంటి మనిషి అంది. చివరికి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళారు. పాస్టరు గారు ఊరికి కొత్త. "నేనూ అందరి నోటా వింటున్నానండి. ప్రార్థనలో పెట్టాం," అన్నారు.

శాంతికుమార్ గారు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు. సాయంత్రానికి, దొంగ ఇంటి సంబంధం వద్దని ఫోను వచ్చింది.

జెరూషా ఏడవలేదు. ఏడ్చే పిల్ల కాదు. తాతగారి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాతయ్యా, బెన్ని నాకు నచ్చాడు. నువ్వెళ్ళి వాళ్ళ నాన్నగారికి చెప్పు. అవసరమైతే ఆ ప్రసాదు తాతను ముట్టుకునిరా. నాకింకేం వద్దు."

మర్నాడు మాస్టారు నందిగామ వెళ్ళాడు. సాక్షిగా నన్ను తీసుకెళ్ళాడు. శాంతికుమార్ గారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మొత్తం విన్నారు. జీళ్ళ దగ్గర్నుంచి ఆరడుగుల దాకా ఏదీ వదలకుండా చెప్పించుకున్నారు. లారీ పట్టా రంగు కూడా అడిగారు. అంతా అయ్యాక గొంతు తగ్గించారు.

"ఆ ప్రసాదు గారు ముట్టుకోనివ్వకపోవడం... వేరే కారణం కాదుగదండి?"

ఆ ప్రశ్న ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. మాస్టారు తడుముకోలేదు.

"అందుకైతే నేనసలు వెతికేవాణ్ణే కాదండి. వాడు నన్ను చూసి పరిగెత్తేది నేను గెలుస్తానని."

శాంతికుమార్ గారు తల ఊపారు. మనిషి మీద అనుమానం పోయిందన్నారు. కానీ తన సర్వీసులో పెండింగు ఫైలు ఒక్కటి కూడా మిగల్చకుండా దిగిపోయానని, ఈ ఇంటి మీద యాభై ఏళ్ళ పెండింగు ఉందని, రేపు పెళ్ళిలో మైకులో ఎవడో ఒకడు దొంగగారు వేదిక మీదికి రావాలి అంటే తన చుట్టాల ముందు ఏం చెప్పుకోవాలని అడిగారు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మైకు పట్టుకునేది ఫ్రాన్సిసే, వాడు తప్పకుండా అంటాడు.

"ఇది డిస్పోజ్ అయిపోనీండి. ఈస్టరు వెళ్ళాక నిశ్చితార్థం పెట్టుకుందాం. కాకపోతే మాత్రం నన్ననుకోవద్దు," అన్నారు.

మార్చి నెలలో మాస్టారు బ్యాడిగి బయల్దేరాడు. భార్య ప్రేమకుమారి రేగుపళ్ళు బెల్లంతో దంచి రేగొడియాలు కొత్తగా పెట్టి ఎండబెట్టింది. నేను పేటంతా తిరిగి జీళ్ళు సంపాదించాను. ఇప్పటి జీళ్ళు అట్టపెట్టెలో వస్తున్నాయి, తేదీ కూడా వేస్తున్నారు. పుల్లమ్మ మాస్టారిని అరుగు మీద కూర్చోబెట్టి ఆయన కళ్ళు రెండు చేతులతో మూసి, మళ్ళీ తీసి, "పో నాయనా, ఈసారన్నా ముట్టుకునిరా" అని పంపింది. విజయవాడలో హుబ్లీ బండి ఎక్కాడు.

అక్కడ జరిగింది నాకు ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు, మాస్టారైతే ఫోన్లో, ఒక్కసారే. ఇద్దరి మాటా కలిసింది గనక నిజమే అయ్యుండాలి.

బ్యాడిగి యార్డులో ఎటుచూసినా ఎర్రటి మిరపకాయల రాశులు. ప్రసాదు ఒక రాశి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బస్తాల చాటు నుంచి నిశ్శబ్దంగా వెనక్కి చేరాలని మాస్టారి పథకం. నాలుగడుగులు వేసేసరికి ఘాటుకు తుమ్ము వచ్చింది. అది డ్రిల్లు మాస్టారి తుమ్ము. హమాలీలు బస్తాలు దించేశారు.

ప్రసాదు తిరిగి చూశాడు. లేవలేదు. రెండు మోకాళ్ళూ మార్పించుకుని ఆరు నెలలే అయింది. అయినా చేతికర్ర సాయంతో కుర్చీతో సహా రాశి చుట్టూ జరగడం మొదలుపెట్టాడు. మాస్టారికి కూడా నడుం నొప్పి. అలా రాశి చుట్టూ ఒకాయన కుర్చీతోనూ, ఇంకొకాయన నడుం పట్టుకునీ తిరిగారు. గుమాస్తా కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. ఇద్దరూ ఆగి తాగారు. అప్పుడు మాస్టారు రేగొడియాల పొట్లం విప్పి ఎర వేశాడు. ప్రసాదుకు షుగరు. కళ్ళు పొట్లం మీదున్నా చెయ్యి చాచలేదు.

"ఎందుకురా ప్రసాదూ ఇంత పరుగు? ఒక్కసారి ముట్టుకుంటే నీదేం పోద్ది?" అన్నాడు మాస్టారు.

"ఆట పోద్ది," అన్నాడు ప్రసాదు. "ఈ ఊళ్ళో నన్ను సేటు అంటారు. ఇంట్లో నాన్నగారు అంటారు. నన్ను ఒరే అనేవాడివి నువ్వొక్కడివే. ముట్టుకున్నావా, ఆట తేలిపోద్ది. రేపట్నించి నువ్వు కూడా ఏవండీ ప్రసాదు గారూ అంటావు. నా కోసం వెతికేవాడూ ఉండడు."

మాస్టారు అక్కడే ఒక బస్తా మీద కూర్చున్నాడు. జన్మంతా దొంగననుకుని బాధపడ్డాడు గానీ, ఇన్నేళ్ళూ తన కోసమే ఒకడు దాక్కుని ఉన్నాడని అనుకోలేదు. కానీ మనవరాలు చెప్పిన మాట చెవిలో ఉంది. జెరూషా సంగతి, కోర్టు వియ్యంకుడి సంగతి, టీకొట్టు దగ్గర నేను చెప్పిన సాక్ష్యంతో సహా అంతా చెప్పాడు.

ప్రసాదు విని చాలాసేపు నవ్వాడు. నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయలు తాకిన చెయ్యి కావడంతో కళ్ళు మండి ఇంకా తుడుచుకున్నాడు. తర్వాత ఆ చెయ్యే ముందుకు చాచాడు.

"పిల్ల పెళ్ళన్నాక పరుగేముంది. ముట్టుకో."

మాస్టారు ముట్టుకున్నాడు. వేలితో కాదు, చెయ్యంతా పట్టుకున్నాడు. గుమాస్తా ఏదో బేరం కుదిరిందనుకుని స్వీట్లకు మనిషిని పంపాడట.

"ఇంక అండి అంటావా?" అని అడిగాడు ప్రసాదు, కళ్ళు తెరవలేక.

"ఎందుకంటాన్రా. ఆఖర్న దొరికింది నువ్వు. ఇప్పుడు నువ్వు దొంగ. నేను దాక్కోవాలి."

దొంగకు కళ్ళు తల్లే మూయాలి. మాస్టారు వీడియో కాల్ చేశాడు. ఇక్కడ మా వీధి అరుగు మీద పుల్లమ్మ ముందు నేనే ఫోను పట్టుకున్నాను. ఆమె తెర మీద ప్రసాదు మొహం కనిపించేచోట రెండు అరచేతులూ అడ్డం పెట్టింది.

"మూసుకో ప్రసాదూ. తొండి చెయ్యమాకు. నేను చూస్తన్నా," అంది.

ఆమె చేతులు తీసి, ప్రసాదు కళ్ళు కడుక్కుని చూసేసరికి రేగొడియాల పొట్లం ఉంది. మాస్టారు లేడు.

ప్రసాదు వారం తిరక్కుండా కారేసుకుని మా ఊరు వచ్చాడు. ఊరొదిలి వెళ్ళాక ఆయన మా వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. పుల్లమ్మ అరుగు మీదే కుర్చీ వేసుకున్నాడు, మాస్టారు వచ్చి తల్లిని ముట్టుకోకుండా కాపలా. మధ్యాహ్నం ఆమె పెట్టిన గోంగూర పచ్చడే తిన్నాడు. గడ్డివాములూ బడి వెనక గదీ పాత రైసు మిల్లూ అన్నీ చేతికర్రతో పొడిచి చూస్తున్నాడు. నన్ను ఒరే అంటున్నాడు, నేనూ అంటున్నాను. మొదటి రోజు నాలుక తిరగలేదు. ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఇంత వయసులో ఒక రైతులవీధి మనిషిని ఒరే అన్న ఘనత ఈ ఊళ్ళో మా జట్టుదే.

మాస్టారు జెరూషా ఫోనుకు మాత్రం అప్పుడప్పుడు ఫొటో పంపుతున్నాడు. చివరిసారి ఒక చెయ్యి, చేతిలో సగం చీకిన పుల్లఐసు. వెనక ఏమీ కనిపించకుండా తీశాడు. ప్రసాదు దాన్ని భూతద్దంతో చూసి, ఈ గులాబీ రంగు కోదాడ వైపు ఐసుదే అని రెండు రోజులు కోదాడ తిరిగొచ్చాడు. ప్రేమకుమారికి కోపంగానే ఉంది. డ్రిల్లు మాస్టారుగా దిగిపోయాక ఇంత చురుగ్గా ఎప్పుడూ లేడని మాత్రం ఒప్పుకుంటోంది.

శాంతికుమార్ గారు మళ్ళీ వాకబుకు వచ్చారు. అదే టీకొట్టు, అదే బెంచీ. వెంకటరత్నం ఈసారి, "మాస్టారు దొంగేంటండీ, చాలా పెద్దమనిషి. దొంగ భవానీప్రసాద్ గారు" అన్నాడు. ఆ పక్కనే టీ తాగుతున్న ప్రసాదు చెయ్యెత్తి, నేనేనండి అన్నాడు. శాంతికుమార్ గారు పుల్లమ్మ వాంగ్మూలం కూడా విని, పెండింగు డిస్పోజ్ అయినట్టే అన్నారు. అయితే అమ్మాయి తాతగారు ఎక్కడని అడిగారు. పరారీలో ఉన్నారని నేనే చెప్పాను. ఉన్నమాట చెప్పాలిగా.

ఆయన నుదురు రుద్దుకున్నారు. కోర్టులో ముప్పైయేళ్ళు చేసినా ఇలాంటి పార్టీని చూడలేదన్నారు. చివరికి ఒక షరతు పెట్టారు: ఉంగరాలు మార్చుకునే వేళకు మాస్టారు స్వయంగా హాజరు కావాలి, దాక్కుని వచ్చినా సరే, ముట్టుకోబడి వచ్చినా సరే. జెరూషా ఆ మాట తాతగారికి మెసేజి పెట్టింది. జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. నిశ్చితార్థం మా చర్చిలోనే. పుల్లమ్మకు ముందు వరుసలో కుర్చీ, ఆమె పక్కనే ప్రసాదుకు ఇంకొకటి. ప్రేమానందం మాస్టారు తిరిగి రావలసిన తేదీ 2026 మే 2, శనివారం.